చెవిన పడకూడని గొంతు

ఆంజినమ్మ ఒక పూటంతా నోరు మూసుకుని కూర్చుందంటే వాళ్ళ ఊళ్ళో ఎవరూ నమ్మరు. బోరింగు దగ్గర బిందెల వరస తప్పితే ఊరి చివరి ఇంటికి ముందుగా వినపడేది ఆమె గొంతే. చౌకడిపో ఆయన ఆమెను దూరాన చూడగానే తక్కెడ సరిచేసుకునేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, ఆంజినమ్మ విషయంలో ఊరే సర్దుకుపోయింది.

అలాంటి మనిషి అనంతపురంలో ఒక ఆస్పత్రి మేడ మీద, ఐసీయూ తలుపు ముందు చెప్పులు విడిచి, వాళ్ళిచ్చిన ఆకుపచ్చ గౌను చీర మీద తొడుక్కుని, పెదవులు లోపలికి మడిచి పళ్ళతో బిగించి పట్టుకుంది. తలుపు తెరవకముందే బిగించాలి. లోపల ఏది కంటపడినా 'అయ్యో' అన్న మాట కూడా బయటికి రాకూడదు.

"పోదాం పా వదినా," అన్నాడు మరిది వీరేష్, తన గౌను దారాలు వెనక ముడివేసుకోలేక వదిలేస్తూ.

ఆంజినమ్మ అతని చెయ్యి పట్టి ఆపింది. పెదవులు వదిలి, "నా పేరెత్తొద్దు ఆడ. వదిన వచ్చింది, వదిన ఏడుస్తాంది, అట్లాంటివి ఒద్దు. నా పేరు ఇంటే నా మాటే గుర్తొస్తాది ఆయనకు," అంది.

"సరేలే, ఎత్తనులే."

ఆమె మళ్ళీ పెదవులు మడుచుకుంది.

లోపల చలి. బయట శెనక్కాయ చెట్టు పీకే కాలపు ఎండ మాడ్చేస్తుంటే, ఈ గదిలో మాత్రం పొద్దూ మాపూ లేదు, ఎప్పుడు చూసినా ఒకే తెల్లని వెలుతురు. ఆమె భర్త మారెప్ప మూల మంచం మీద ఉన్నాడు. నోట్లోంచి గొట్టం మిషను దాకా పోతోంది. మిషను ఊదితే అతని రొమ్ము లేస్తోంది, ఆపితే పడుతోంది. రెప్పలు సరిగా మూసుకోవడం లేదని తడిగుడ్డ పెట్టి పైన ప్లాస్టరు అంటించారు. గుంటక మేడి పట్టి కాయలు కాసిన చేతులు దుప్పటి మీద ఎవరో తెచ్చి పెట్టిపోయినట్టు పడి ఉన్నాయి.

"దూరంగా నిలబడి చూసి పోండి. ముట్టుకొనేకి లేదు," అంది నర్సు ఫరీన్. ఆమెది గోరంట్ల. చిన్నపిల్లే, కానీ ఆ గదిలో ఆమె మాటే చట్టం.

ఆంజినమ్మ మంచం కాళ్ళ వైపు నిలబడింది. వీరేష్ తల వైపు వంగి, చెవుడున్న ముసలివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా అన్నాడు. "అన్నా, నేనన్నా, వీరేషును. గొర్రెలన్నీ బాగుండాయి. నల్లది ఈనింది. చెట్టు పీకేకి కూలోళ్ళను మాట్లాడినా. నువ్వేం దిగులు పడొద్దు."

మిషను ఊదింది, ఆపింది. నల్లది ఈనలేదు. దానికింకా నెల ఉంది. ఆ సంగతి ఆంజినమ్మకు తెలుసు, నోరుంటే అనేది కూడా.

అప్పుడే డ్యూటీ డాక్టరు వచ్చి, ప్లాస్టరు తీసి, కంట్లోకి టార్చి వేశాడు. ఇంకో కంట్లోకి వేశాడు. "కంటిపాప కదలడం లేదు. స్పందన లేదు," అని ఫరీన్‌తో అని, వీళ్ళిద్దరూ అక్కడ లేనట్టే పక్క మంచానికి పోయాడు. వీరేష్ మొహం పాలిపోయింది. ఆంజినమ్మ పళ్ళ మధ్య పెదవి ఉప్పగా తగిలింది.

బయట వరండాలో గోడ పొడుగునా చాపలు, సద్ది మూటలు, ప్లాస్టిక్ బిందెలు. లోపలివాళ్ళ కోసం బయటివాళ్ళు పెట్టిన కాపురాలు అవి. ఆంజినమ్మ చాప పక్కన రాయదుర్గం నుంచి వచ్చిన జైతూన్ బీ చాప. ఇంట్లో మిషను పెట్టుకుని జీన్సు ప్యాంట్లు కుడుతుంది. ఆమె భర్త అతావుల్లాను లారీ గుద్దింది, మారెప్ప పక్క మంచం ఆయనదే. ఆమె లోపలికి పోయినప్పుడల్లా భర్త చెవి దగ్గర వంగి మెల్లగా ఏదో చదువుతుంది, మధ్యమధ్యలో కుట్టు పని బాకీల గురించి కూడా చెబుతుంది.

"ఈడ చాపకు చోటు కోసం వాచ్‌మన్‌ను అన్ని మాటలంటివి. లోపలికి పోతే నీ నోరు పడిపోతాదేమమ్మా?" అని అడిగింది జైతూన్ బీ, సంగటి ముద్ద సగం విరిచి ఆమెకు ఇస్తూ.

ఆంజినమ్మ ముద్ద అందుకుని తినలేదు. చేతిలోనే ఉంచుకుంది.

"నా నోటితోనే ఆయప్ప ఈడికొచ్చినాడక్కా. చేన్లో అడివిపందులు పడి శెనక్కాయంతా కెళ్ళగిస్తాండాయి. ఆ మాపు, ఒళ్ళు బాగలేదు ఇంట్లోనే పండుకొంటా అనె. నాకు ఒళ్ళు మండె. పందులు తినిపోతే నీ మొగం అమ్ముకొని తిందుమా, పో, పోయి చేన్లో చావుపో అంటి. గమ్మున కంబళి భుజానేసుకొని పాయె. మంచం గూడా మోసకపోలే."

"మొగుడూ పెండ్లాలన్నాక అనుకోరా?"

"తెల్లారి వచ్చి కడుపులో నొప్పి అన్న్యాడు. చలికి పట్టుకొనిందిలే, రోంతసేపు పండుకో అంటి. కొంచేపటికి రెప్పలు వాలిపోయె. మాట ముద్దముద్దగా వచ్చె. అప్పుడు ఎత్తుకొని తిప్పయ్య తావకు పోతిమి." తిప్పయ్య వాళ్ళ పక్క ఊళ్ళో పాము మంత్రం వేసే మనిషి. "ఆయన వేపమండ తీసుకొని దారం కట్టి, పురుగు ముట్టకముందు ఈయన చెవిన పడిన కడపటి మాట ఎవురిది అని అడిగె. నాదే సామీ అంటి. ఏమంటివి అనె. అందరి ముందర చెప్తి. ఆ మాట విషంలో కలిసి లోపలికి దిగింది, విషం దిగేదాకా నీ గొంతు ఈయన చెవిన పడకూడదు, పడితే మళ్ళా తలకెక్కుతాది అని చెప్పె. పిల్లను అవ్వ తావ విడిస్తిమి, వీరేషు జీపు తెచ్చి ఈడికి ఎత్తుకొచ్చె."

జైతూన్ బీ నెత్తిన కొంగు సరిచేసుకుంది. "మా ఇండ్లల్లో చెవి కాడ చదవల్లంటారు. మీ ఇండ్లల్లో పలకొద్దంటారు. ఏది నిజమో పైవాడికే ఎరుక," అని, "తిను, చల్లారిపోతాంది," అంది.

తప్పు చేసిన మనిషికి శిక్ష వేసేవాడు దొరికితే ప్రాణం కొంచెం కుదుటపడుతుంది. తిప్పయ్య శిక్ష వేశాడు. ఆ శిక్ష మోస్తున్నంతసేపూ ఆంజినమ్మకు తాను ఏదో చేస్తున్నట్టే ఉంది. పెదవి కొరుక్కున్నకొద్దీ అక్కడ విషం ఒక చుక్క దిగుతున్నట్టే ఉంది.

సాయంత్రం లోపలికి వదిలే వేళకు వీరేష్ ఎస్టీడీ బూతు నుంచి వచ్చాడు. ఎవరితో మాట్లాడాడో చెప్పలేదు. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఇద్దరూ గౌన్లు తొడుక్కుని లోపలికి పోయారు. పొద్దున గట్టిగా మాట్లాడినవాడు ఇప్పుడు మంచం కమ్మీ పట్టుకుని, గొంతు దించి మొదలుపెట్టాడు.

"అన్నా... పెద్దోళ్ళంతా ఒకే మాట అంటాండారన్నా. ఈ గాజు గదిలో నువ్వు ఒంటిగా యాల పోవల్ల? మన ఊరికి తీసుకపోతామన్నా నిన్ను. మన చేను కాడికే పోదాం. అందరూ ఒప్పుకొన్యారు. నేను గూడా..." అని ఏడ్చేశాడు.

తీసుకుపోవడమంటే మిషను పీకేయడం. జీపు బత్తలపల్లి దాటకముందే ఊపిరి ఆగిపోతుంది. 'వద్దు' అన్న మాట ఆంజినమ్మ గొంతు దాకా వచ్చింది. నోరు తెరిచింది. తెరిచిన నోట్లో చీర కొంగు కుక్కుకుంది. మిషను పక్కన పచ్చగీత ఎగురుతోంది, పడుతోంది. ఒక్క మాట చాలు, ఆ గీత ఆగిపోతుందేమో. మంచం చుట్టూ తిరిగి వచ్చి వీరేష్ చొక్కా కాలరు పట్టుకుంది. వాడు తల అడ్డంగా ఊపాడు. ఆమె కాలరు వదలలేదు. అట్లాగే లాక్కుంటూ తలుపు దాకా తీసుకుపోయింది. "ష్, బయట చూసుకోండి!" అని ఫరీన్ వెనకనుంచి కసిరింది.

తలుపు వెనక మూసుకున్నాక వరండా అంతా ఆంజినమ్మ గొంతే.

"యాడికిరా తీసుకపోయేది? నీ అన్నను మోసకపోయేకి నీకు భుజాలు అంత దురద పుట్టినాయా? ఆ పెద్దోళ్ళను నా ముందరికి వచ్చి అనమను! ఊపిరుండే మనిషి చెవికాడ అనేదా ఆ మాట?"

"అన్నకు వినపడదు వదినా. డాక్టరే చెప్పె కదా..."

"వినపడదా? మరి నేనేమిటికి నోరు కట్టుకొంటాండా?"

వీరేష్ కాలరు విడిపించుకున్నాడు. ఏడుస్తూ మెట్ల మీద కూర్చున్నాడు. వరండాలో అందరూ చూస్తున్నారు. ఊరికి తీసుకుపోయే మాట ఆ సాయంత్రంతో ఆగిపోయింది. ఆంజినమ్మ గెలిచాననే అనుకుంది.

*

మర్నాడు పెద్ద డాక్టరు వచ్చాడు. కోస్తా వైపు మనిషి, గబగబా నడుస్తాడు గానీ మాట్లాడేటప్పుడు మాత్రం నిలబడి మాట్లాడతాడు. వరండాలోకి వచ్చి మారెప్ప వాళ్ళెవరని అడిగాడు.

"చూడమ్మా, కరిచింది కట్లపాము. దాని విషం కండరాల్ని పడుకోబెడుతుంది. చెయ్యి, కాలు, కనురెప్ప, చివరికి కంటిపాప కూడా కదలదు. చూసేవాళ్ళకు ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ ఇలాంటివాళ్ళలో చాలామందికి లోపల తెలివి ఉంటుంది. అన్నీ వినపడుతుంటాయి. మందు ఎక్కించాం, మిషను మీద ఓపిగ్గా ఉంచితే లేచే అవకాశం బాగా ఉంది."

"వినపడతాదా సార్?" అన్నాడు వీరేష్, గోడకు చేరగిలబడి.

"వినపడుతుందనుకునే మాట్లాడండి. అదే మంచిది. ఒంటరిగా చీకట్లో పడుకున్నట్టు ఉంటుంది వాళ్ళకు. మీ గొంతు వింటే భయం తగ్గుతుంది. చేతులు కడుక్కుని ముట్టుకోండి, ఫరవాలేదు. ముఖ్యంగా మీరమ్మా, భార్య కదా? మీరు మాట్లాడాలి."

ఆంజినమ్మ తల ఊపింది. డాక్టరు వెళ్ళిపోయాడు. అయితే నిన్న వీరేష్ అన్న మాట మారెప్ప విన్నాడు. తీసుకుపోయి చేనులో పెడతామన్న మాట. అది విని కదలలేక, అరవలేక పడి ఉన్నాడు.

"పోయి చెప్పురా," అంది వీరేష్‌తో. "ఊరికి తీసుకపోములే అని చెప్పు. ఈడనే ఉంటామని చెప్పు."

"నువ్వు చెప్పు వదినా. డాక్టరు నిన్నే మాట్లాడమనె కదా."

"డాక్టరు మందు సంగతి చెప్పినాడు. తిప్పయ్య నా నోటి సంగతి చెప్పినాడు. మందు డాక్టరుది, నోరు నాది. ఆయప్ప మింగింది నా మాట. ఇంగొక మాట ఎట్ల మింగిచ్చేది?"

ఆమె భయం ఏమిటో ఆమెకు తెలుసు. డాక్టరు మాట తప్పయితే తిప్పయ్య మాట అడ్డం ఉంటుంది. తిప్పయ్య మాట తప్పయితే డాక్టరు మందు ఉంటుంది. రెండూ పాటిస్తే నష్టం ఏముంది, మొగుడితో నాలుగు రోజులు మాట్లాడకపోతే కొంపలు మునుగుతాయా? అట్లా లెక్క వేసుకుంది. మొదటిసారి మొగుణ్ణి చంపినంత పని చేసిన నోటిని రెండోసారి నమ్మేంత ధైర్యం ఆమెకు లేదు.

లోపలికి పోయాక వీరేష్ వంగి, "అన్నా, నిన్న ఏదో వాగినా. ఊరికి తీసుకపోము. ఈడనే బాగు చేపిస్తాం," అన్నాడు. ఎవరు వద్దన్నారో చెప్పలేదు. పేరెత్తొద్దన్నది ఆమే మరి.

ఆంజినమ్మ చేతులు కడుక్కుని, మంచం చివర దుప్పటి తొలగించి, మారెప్ప పాదాలు రెండు చేతుల్లోకి తీసుకుంది. చల్లగా ఉన్నాయి. మడమల పగుళ్ళలో ఇంకా ఎర్రమట్టి ఉంది. ఎన్నిసార్లు తుడిచినా ఆస్పత్రివాళ్ళకు ఆ మట్టి రాలేదు. వేలు వేలూ విడదీసి ఒత్తింది. పిక్కలు ఒత్తింది. పెళ్ళయినప్పటినుంచి అతని కాళ్ళు ఒత్తిన పాపాన పోలేదామె. ఒకసారి అడిగితే, "నేనూ చేన్లో వంగే వచ్చినా, నా నడుం ఎవురు ఒత్తేది?" అంది. ఇప్పుడు ప్రతి పూటా ఒత్తింది. మాటలో చెప్పలేనిదంతా బొటనవేళ్ళతో అరికాళ్ళలోకి దింపుదామని చూసింది. కన్నీళ్ళు కారితే భుజానికి తుడుచుకుంది, ముక్కు ఎగపీల్చిన చప్పుడు కూడా రానీయలేదు.

పక్క మంచం దగ్గర జైతూన్ బీ భర్త చెవిలో చదువుతూనే ఉంది. అవతల ఎవరో కొడుకు వాళ్ళమ్మకు చిట్టీ పాట సంగతి చెబుతున్నాడు. నర్సులు చీరల రంగుల గురించి మాట్లాడుకుంటున్నారు. ఆ గదిలో అందరికీ గొంతులున్నాయి.

బయటికి వచ్చేటప్పుడు తలుపు దగ్గర ఫరీన్ ఆపింది. "ఏం మనిషివమ్మా నువ్వు? పొద్దున్నుంచి ఆయనకు నోరు కడిగి, గొట్టంలో కఫం పీకి, పక్కకు తిప్పి, ఎవురికీ ఏమీ కాని నేను ఎన్ని మాటలు చెప్తానో. నువ్వు వస్తావు, మూగదాని మాదిరి నిలబడతావు, పోతావు. ఒక్క మాటకు నీకేం ఖర్చు?"

ఆంజినమ్మకు ఎవరైనా ఒకటి అంటే నాలుగు అనే అలవాటు. ఆ పూట తల వంచుకుని విని, గౌను విప్పి మడిచి, బుట్టలో వేసి వెళ్ళిపోయింది. అనిపించుకోవడం కూడా శిక్షలో భాగమే అనుకుంది.

తర్వాతి రోజు మారెప్ప ఎడమచేతి చూపుడు వేలు కదిలింది. ఫరీన్ పరుగున వరండాలోకి వచ్చి చెప్పింది. ఆ తర్వాత మోచెయ్యి, భుజం. చేతులు లేవగానే గొట్టం పీక్కోబోయాడు. గాజుగుడ్డతో రెండు చేతులూ కమ్మీలకు కట్టేశారు. ప్లాస్టరు తీస్తే రెప్పలు సన్నగా తెరుచుకున్నాయి, కానీ మందు మత్తులో చూపు ఎక్కడా నిలవలేదు. ఆంజినమ్మ కట్టేసి ఉన్న ఆ చేతుల వంక చూసి, కాళ్ళే ఒత్తింది. విషం పూర్తిగా దిగిందని ఎవరూ చెప్పలేదు కదా. ఇంతదూరం మోసింది ఇప్పుడెందుకు దించడం?

*

గొట్టం తీసేసిన పొద్దున ముందుగా ఆంజినమ్మనే పిలిచారు. జైతూన్ బీ ఆమె జడ సరిచేసి పంపింది. ఆంజినమ్మ తలుపు ముందు గౌను తొడుక్కుంది గానీ పెదవులు మడవలేదు. ఏమనాలో వరండాలో ఇన్నాళ్ళూ కూడబెట్టుకుంది. తప్పయింది, నీ కాళ్ళు మొక్కుతా, అంతే.

మారెప్ప దిండుకు ఆనుకుని ఉన్నాడు. ఆమెను చూశాడు. చూసిన మరుక్షణం అతని మొహంలో రక్తం లేకుండా పోయింది. కాళ్ళు ముడుచుకుని మంచం మూలకు ఒదిగాడు. బొంగురు గొంతుతో ఏదో అన్నాడు, మాట తెలియలేదు. మొహం గోడ వైపు తిప్పుకుని వణికిపోయాడు. పచ్చగీత గబగబా ఎగిరింది. మిషను కూసింది.

"నువ్వు బయటికి పోమ్మా, పో," అని ఫరీన్ తోసింది.

కూడబెట్టుకున్న మాటలు నోట్లోనే ఉండిపోయాయి. చాప మీద కూలబడి, "గుర్తుండాదక్కా. నేనన్న మాట ఆయప్పకు గుర్తుండాది. నా మొగం చూస్తేనే చచ్చిపోతాండాడు," అంది జైతూన్ బీతో.

ఫరీన్ బయటికి వచ్చి, ఈసారి కోపం లేకుండా చెప్పింది. "లోపల అన్నిదినాలు ఉండినోళ్ళకు అట్ల అవుతాదమ్మా. పొద్దూ మాపూ తెలీదు, ఒకరు గోడ మీద చీమలు పాకుతాండాయంటారు, ఒకరు నర్సులు విషం పెడతాండారంటారు. మనసుకు పెట్టుకోవద్దు." కానీ ఆంజినమ్మ మనసుకు పెట్టుకుంది. సాయంత్రం వీరేష్ ఒక్కణ్ణే పంపింది.

వాడు లోపలికి పోయినవాడు చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చినవాడు నవ్వుతున్నాడా ఏడుస్తున్నాడా తెలియకుండా ఉంది. గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమనెరా?"

"నన్ను దగ్గరికి పిలిచి... మీ వదిన దినాలు చేసినారా అని అడిగినాడు వదినా."

ఆంజినమ్మకు అర్థం కాలేదు.

"నువ్వు చచ్చిపోయినావంట. ఆయనకు చెప్పకుండా మేము దాచిపెట్టినామంట. పొద్దున నువ్వు దయ్యమై వచ్చినావంట. ఉండాది అన్నా, బయట కూర్చోనుండాది అంటే నమ్మడు. పిల్లను ఎవురు చూస్తాండారు, అవ్వ తావ విడిచినారా అని ఏడుస్తాండాడు."

ఆంజినమ్మ లేచింది. వదిలే వేళ దాటిపోయిందని వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెడితే ఆ చెయ్యి తీసి పక్కన పెట్టి లోపలికి పోయింది. గౌను తొడుక్కోవడం మరిచిపోయింది.

"చావలేదు నేను," అంది మంచం దగ్గర నిలబడి. ఆ గదిలో ఆమె గొంతు లేవడం అదే మొదటిసారి. ఆమెకే కొత్తగా, పెద్దగా వినపడింది. "చూడు, ముట్టుకొని చూడు."

మారెప్ప ఈసారి మొహం తిప్పలేదు. గుడ్లప్పగించి చూశాడు. ఆమె అతని చెయ్యి తీసుకుని తన చెంపకు పెట్టుకుంది. అతని వేళ్ళు మెల్లగా చెంప మీదినుంచి చెవి కమ్మ దాకా, అక్కడినుంచి నోటి దాకా వచ్చాయి.

"నీ గొంతు వినపడలే," అన్నాడు. ఒక్కో మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. "అందరి గొంతులూ వినపడె. వీరేషుది. నర్సమ్మది. పక్కన బీబీది. చిట్టీ పాట పిలగానిది. చీకట్లో ఒక్కొక్క గొంతూ ఏరి చూసుకొంటాంటి. నీది లే."

"వస్తాంటి. దినామూ వస్తాంటి."

"వీరేషు నన్ను ఊరికి తీసుకపోతామనె. అందరూ ఒప్పుకొన్యారనె. నా పానం పోయె. అయినా కాచుకొంటి, ఇప్పుడు అరుస్తాది చూడు, వాని మీద పడతాది చూడు అని. ఎవురూ అరవలే. అప్పుడనుకొంటి. బతికుంటే నువ్వు గమ్మునుంటావా? నీగ్గూడా పురుగు ముట్టింటాది, నాకంటే ముందే పోయింటావు అని. ఇంగ ఈ గాలి కొట్టేది ఆగిపోతే బాగుండు అనుకొంటాంటి."

ఆంజినమ్మ అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"యాడుంటివి నువ్వు అప్పుడు?"

అబద్ధం చెప్పవచ్చు. బయట ఉన్నానని, వాళ్ళు లోపలికి వదల్లేదని చెప్పవచ్చు. నమ్ముతాడు. ఆమె మంచం చివర చూపించింది.

"ఆడ. నీ కాళ్ళ తట్టు."

"వీరేషు ఆ మాట అనేటప్పుడా?"

"ఆ. వాని పక్కనే."

"కాళ్ళు ఒత్తింది..."

"నేనే."

"ఆస్పత్రోళ్ళనుకొంటి," అన్నాడు మారెప్ప. కొంచెంసేపు పైకప్పు వంక చూశాడు. "ఉండి గూడా పలకలేదా?"

కోపంగా అడగలేదు. కోపంగా అడిగి ఉంటే ఆమె తట్టుకునేది, ఆ విద్య ఆమెకు బాగా తెలుసు. ఆంజినమ్మ ఆగి ఆగి చెప్పింది. తిప్పయ్య అడిగింది, తాను ఒప్పుకున్నది, కొంగు నోట్లో కుక్కుకున్నది, వీరేష్‌ను లాక్కుపోయి వరండాలో అరిచింది. "చేన్లో చావుపో అంటి కదా నేను. ఆ మాట నిన్ను తినిందని..."

"ఎప్పుడంటివి?"

"ఆ మాపు. కంబళి తీసుకొని పోయేటప్పుడు."

మారెప్ప గుర్తు తెచ్చుకోవడానికి చూశాడు. నుదురు ముడుచుకుంది. "ఏమో. నాకు గుర్తులే. దినామూ ఏదో ఒకటి అంటావు. యాదని గుర్తు పెట్టుకొనేది?"

ఏ మాట కోసం ఆంజినమ్మ ఇన్నాళ్ళు పెదవి కొరుక్కుందో ఆ మాట అతను విననే లేదు. గాలిలో పోయింది. గుర్తుండిపోయింది మాత్రం పలకని రోజులు.

"పెండ్లయినకాన్నుంచి ఎవురి మాటన్నా వింటివా నువ్వు?" అన్నాడు మారెప్ప. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా మాట వింటివా, మా యమ్మ మాట వింటివా? తిప్పయ్య మాట ఒకటే వినల్లనా?"

ఆమె అతని చేతి మీద నుదురు ఆనించింది. తప్పయింది అనడానికి కూడా సిగ్గేసింది.

ఫరీన్ వచ్చింది. గౌను లేదు, వేళ కాదు, కొంగు నేల మీద పడి ఉంది. అన్నీ చూసింది. "టైము అయిపోయిందమ్మా," అంది.

మారెప్ప వేళ్ళు ఆమె ముంజేతి గాజుల మీద బిగుసుకున్నాయి. "పంపొద్దు," అన్నాడు. "కండ్లు మూసుకొంటే మళ్ళా ఆడికే పోతాండా నేను."

ఫరీన్ పక్క మంచం దగ్గరున్న ముక్కాలిపీట కాలితో ఇటు తోసి, తెర సగం లాగి వెళ్ళిపోయింది.

"కండ్లు మూసుకో. నేను మాట్లాడతా," అంది ఆంజినమ్మ.

మొదలుపెట్టింది. నల్లగొర్రె ఇంకా ఈనలేదని, వీరేషు అబద్ధం చెప్పాడని. పందులు తూర్పు గట్టు పక్క కొంత తిన్నాయని, మిగిలింది పీకి కుప్ప వేశారని. రాయదుర్గంలో ప్యాంటు జేబు కుడితే ఎంతిస్తారో జైతూనక్క చెప్పిందని. వాచ్‌మన్ ఎట్లాంటి దొంగ మొహం వాడో. మారెప్ప కళ్ళు మూసుకున్నాడు. మొహం కొంచెం వదులైంది. ఊపిరి తనంతట తానే, మిషను లేకుండా, పైకీ కిందికీ పోతోంది.

గొంతు ఎండి ఆమె ఒక్క గుటక మింగడానికి ఆగింది. మారెప్ప కళ్ళు చప్పున తెరుచుకున్నాయి. భయంగా వెతికాయి, ఆమె మొహం మీద నిలిచాయి, మళ్ళీ మూసుకున్నాయి. ఇంకోసారి ఆగినప్పుడూ అంతే. నిద్రపోయాడనుకుని ఆగినప్పుడూ అంతే.

ఇల్లు చేరినా ఇట్లాగే చూస్తాడని ఆంజినమ్మకు తెలిసిపోయింది. ఆమె రవ్వంతసేపు ఊరుకుంటే చాలు, బతికుందా లేదా అని చూస్తాడు. ఆ చూపు తాను నేర్పిందే. పీట ముందుకు జరుపుకుని, పిల్ల బడి సంగతి ఎత్తుకుంది.